రోడ్డుకు నంబరు, రైలు పట్టాకు యజమాని

న్యూజెర్సీలోని ఎడిసన్ పేరు తెలుగువాళ్లకు కొత్త కాదు. ఆ ఊరి పటం విప్పితే ముందుగా కంటపడేవి నంబర్లే. యూఎస్-1, ఐ-95, ఐ-287, రాష్ట్ర రహదారి 27. యూఎస్ అంటే పాత జాతీయ నంబరు, ఐ అంటే ఇంటర్‌స్టేట్ అనే కొత్త తరం పెద్ద రహదారి. ఊరి గుండా న్యూయార్క్, ఫిలడెల్ఫియాలను కలిపే రైలు మార్గం కూడా పోతుంది. దానికి మాత్రం నంబరు లేదు. పట్టాలు దేశమంతటా ప్రయాణికుల రైళ్లు నడిపే ఆమ్‌ట్రాక్ సంస్థవి. ఉద్యోగులను పొద్దున్నే న్యూయార్క్ చేర్చే లోకల్ రైళ్లు న్యూజెర్సీ ట్రాన్సిట్‌వి. చుట్టుపక్కల పరిశ్రమలకు గూడ్సు వ్యాగన్లు అందించే పని కాన్‌రెయిల్‌ది. ఆ కాన్‌రెయిల్ మళ్లీ సీఎస్‌ఎక్స్, నార్ఫోక్ సదరన్ అనే రెండు పెద్ద కంపెనీల ఉమ్మడి ఆస్తి.

రోడ్లు అంకెలతోనూ రైళ్లు కంపెనీ పేర్లతోనూ నడవడానికి బలమైన కారణం ఉంది. అమెరికాలో రోడ్డు ప్రజల ఆస్తి. దాని మీది నంబరు రాష్ట్రాలు తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందం. రైలు పట్టా మాత్రం చాలావరకు ప్రైవేటు కంపెనీల సొంతం. దాన్ని వేసిందీ, బాగుచేసేదీ, పన్ను కట్టేదీ, అవసరం లేదనుకుంటే అమ్మేసేదీ వాళ్లే. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే ఆ దేశపు రవాణా పటంలో చిక్కుముడుల్లా కనిపించే సంగతులు చాలావరకు విడిపోతాయి. పాత రోడ్డు ఎందుకు చావదో, రైలు మార్గం ఎందుకు మాయమవుతుందో, బయటివాళ్లు పేరైనా వినని చిన్న రైలు కంపెనీలు దాదాపు ఆరు వందలు ఎందుకున్నాయో తెలుస్తుంది.

స్తంభాలకు రంగులు పూసిన కాలం

కార్లు కొత్తగా వచ్చిన 1910లలో అమెరికా రోడ్లకు కూడా పేర్లే ఉండేవి. లింకన్ హైవే, డిక్సీ హైవే, ఎల్లోస్టోన్ ట్రెయిల్. ఇవేవీ ప్రభుత్వం పెట్టినవి కావు. వర్తకులు, కారు క్లబ్బులవాళ్లు సంఘాలుగా ఏర్పడి, అప్పటికే ఉన్న మట్టిరోడ్లను ఒకదానికొకటి కలిపి, ఆ దారికో పేరు పెట్టి, పొడవునా టెలిగ్రాఫ్ స్తంభాలకు తమ రంగు పట్టీలు పూసేవారు. న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా 1913లో ప్రకటించిన లింకన్ హైవేకు ఎరుపు, తెలుపు, నీలం పట్టీలు. అయోవా రాష్ట్రంలో డిమోయిన్ నుంచి కౌన్సిల్ బ్లఫ్స్ వరకు 1910లో ఏర్పడిన దారికి స్తంభాలన్నీ తెలుపే, అందుకే అది వైట్ పోల్ రోడ్. చందా ఇచ్చిన ఊరి వైపు దారి తిరగడం, ఇవ్వని ఊరిని తప్పించుకుపోవడం మామూలే. ఒకే స్తంభం మీద రెండు మూడు సంఘాల రంగులు పడితే, కొత్తగా వచ్చినవాళ్లకు ఏ రంగు పట్టుకుని పోవాలో పాలుపోయేది కాదు.

1918లో విస్కాన్సిన్ రాష్ట్రం ముందుగా తన రోడ్లకు నంబర్లు వేసి బోర్డులు పెట్టింది. దేశం మొత్తానికి ఆ పని చేయాలన్న ప్రయత్నం 1925లో మొదలైంది. సమాఖ్య ప్రభుత్వంలో రోడ్ల వ్యవహారం అప్పట్లో వ్యవసాయ శాఖ చేతిలో ఉండేది. రైతు పంటను రైలు స్టేషన్ దాకా చేర్చడమే రోడ్డు ముఖ్య ప్రయోజనమని నమ్మిన రోజులవి. ఆ శాఖ రాష్ట్రాల ఇంజనీర్లతో ఒక ఉమ్మడి బోర్డు వేసింది. నంబర్ల పథకం శాఖలోని రోడ్ల విభాగంలో పనిచేసే ఇ.డబ్ల్యూ. జేమ్స్‌ది. ఉత్తర దక్షిణాలుగా పోయే రోడ్లకు బేసి సంఖ్య, తూర్పు పడమరలుగా పోయేవాటికి సరి సంఖ్య. బేసి సంఖ్యలు అట్లాంటిక్ తీరంలో 1తో మొదలై పడమటికి పెరుగుతూ పసిఫిక్ తీరంలో 101 దగ్గర ఆగుతాయి. సరి సంఖ్యలు కెనడా సరిహద్దు దగ్గర 2తో మొదలై దక్షిణానికి పెరుగుతాయి. దేశానికి అడ్డంగా పోయే ప్రధాన మార్గాలకు సున్నాతో ముగిసే సంఖ్యలు కేటాయించారు. బోర్డు మీద నంబరు చూడగానే దేశంలో ఏ వైపున ఉన్నామో ఉజ్జాయింపుగా తెలియాలన్నది ఉద్దేశం.

పేచీ ఆ సున్నాల దగ్గరే వచ్చింది. సున్నా దక్కిన రోడ్డు రాజమార్గమని అందరికీ అర్థమైపోయింది. నంబర్ల కమిటీలో ఉన్న ఓక్లహోమా ప్రతినిధి సైరస్ ఏవరీ, తన ఊరు టల్సా మీదుగా షికాగో నుంచి లాస్ ఏంజెలెస్ పోయే దారికి 60 కేటాయింపజేశారు. నిజానికి ఆ దారి అడ్డంగా పోదు, షికాగో నుంచి ఏటవాలుగా దిగుతుంది. కెంటకీ గవర్నర్ విలియం ఫీల్డ్స్ అభ్యంతరం లేవదీశారు. తన రాష్ట్రానికి సున్నా ఒక్కటీ రాలేదని, క్రమం ప్రకారం 60 వర్జీనియా నుంచి కెంటకీ మీదుగా పోవాల్సిందేనని పట్టుబట్టారు. 62 ఇస్తామంటే ఒప్పుకోలేదు. మిస్సోరీ రాష్ట్రం అప్పటికే 60 నంబరు వేసి పటాలు కూడా అచ్చువేయించింది. ఉత్తరాలు, టెలిగ్రాములు నెలల తరబడి నడిచాయి. చివరికి 1926 ఏప్రిల్ 30న మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కూర్చున్నవాళ్లు, ఇంకా ఎవరికీ ఇవ్వని సంఖ్యల్లోంచి 66ను ఎంచుకుని రాజీకి వచ్చారు. లోకమంతటికీ తెలిసిన రూట్ 66 అలా పుట్టింది. ఒక గవర్నర్ పట్టుదల, ఒక ప్రతినిధి ఊరి మీద మమకారం కలిసి ఇచ్చిన నంబరు అది. మొత్తం పథకానికి ఆ ఏడాది నవంబరు 11న ఆమోదముద్ర పడింది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లకు రెండో పొర వచ్చింది. 1956 జూన్ 29న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకంతో 41,000 మైళ్ల ఇంటర్‌స్టేట్ రహదారుల చట్టం అమల్లోకి వచ్చింది. 1919లో సైన్యాధికారిగా ఆయన వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా సైనిక వాహనాల బారులో 62 రోజులు ప్రయాణించారు. ఆ రోడ్ల దుస్థితి ఆయనకు స్వయంగా తెలుసు. కొత్త రహదారుల ఖర్చులో 90 శాతం సమాఖ్య ప్రభుత్వం ఇంధన పన్ను నుంచి భరించింది. నంబర్లు 1957లో వేశారు. పాతవాటితో గందరగోళం రాకుండా క్రమాన్ని అద్దంలో బింబంలా తిప్పేశారు. బేసి సంఖ్యలు పడమట 5తో మొదలై తూర్పున 95కు చేరతాయి. సరి సంఖ్యలు దక్షిణాన చిన్నవి, ఉత్తరాన పెద్దవి. ఎడిసన్‌లో యూఎస్-1, ఐ-95 పక్కపక్కనే కనిపించడానికి కారణం ఇదే. ఒకటి పాత క్రమంలో తూర్పు అంచు, మరొకటి కొత్త క్రమంలో అదే అంచు. దేశం నడుమ రెండు క్రమాలూ కలుసుకునే చోట ఒకే రాష్ట్రంలో ఒకే నంబరు రెండుసార్లు రాకూడదని ఇంటర్‌స్టేట్‌లలో 50, 60 సంఖ్యలను అసలు వాడలేదు.

మూడంకెల ఇంటర్‌స్టేట్ అంటే ఏదో ఒక రెండంకెల దానికి అనుబంధం. మొదటి అంకె సరి అయితే నగరాన్ని చుట్టి మళ్లీ ఇంటర్‌స్టేట్‌లోనే కలుస్తుందని, బేసి అయితే నగరంలోకి చీలిపోయే పాయ అని మామూలు లెక్క. ఐ-287 న్యూయార్క్ శివార్లను చుట్టి వస్తుంది, దాని మాతృమార్గం 87. మినహాయింపులూ ఉన్నాయి. పెన్సిల్వేనియా మధ్యలో ఉన్న ఐ-99 ఈ క్రమంలో ఎక్కడా ఇమడదు. ఆ నంబరును ఇంజనీర్లు ఎంచలేదు, అమెరికా చట్టసభ కాంగ్రెస్ నేరుగా చట్టంలో రాసిపెట్టింది. కాలిఫోర్నియాలో ఐ-238 ఉంది కానీ దేశంలో ఐ-38 ఎక్కడా లేదు. డాలస్ వెళ్లినవాళ్లకు 35ఈ, ఫోర్ట్‌వర్త్ వెళ్లినవాళ్లకు 35డబ్ల్యూ తెలుసు. రెండు నగరాల్లో ఎవరినీ నొప్పించకుండా ఒకే నంబరును చీల్చి చెరో సగం ఇచ్చారు.

మన దేశంలో 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చినప్పుడు ఇలాంటి క్రమాన్నే తెచ్చారు, సరి బేసి మాత్రం తారుమారు. ఉత్తర దక్షిణాలకు సరి సంఖ్య కాబట్టి విజయవాడ మీదుగా పోయే పాత 5 ఇప్పుడు 16 అయింది, హైదరాబాద్ మీదుగా పోయే పాత 7 ఇప్పుడు 44. ఈ రెండు నగరాలను కలిపే పాత 9 మాత్రం బేసి సంఖ్యతో 65. అయితే మన దగ్గర జాతీయ రహదారి అంటే చట్టప్రకారం కేంద్రానికి చెందిన రోడ్డు. అమెరికాలో యూఎస్-1ను గానీ ఐ-95ను గానీ అక్కడి సమాఖ్య ప్రభుత్వం సొంతం చేసుకోలేదు. అవి ఆయా రాష్ట్రాలవి, లేదా రాష్ట్రం ఏర్పాటుచేసిన టోల్ సంస్థలవి. యూఎస్ నంబర్ల మార్పుచేర్పులను ఇప్పటికీ చూసేది రాష్ట్రాల రహదారి శాఖలు సభ్యులుగా ఉన్న ఆష్టో అనే సంఘం. వీటి కింద మళ్లీ రాష్ట్రాల సొంత నంబర్లు ఉన్నాయి. కాన్సస్ బోర్డు మీద పొద్దుతిరుగుడు పువ్వు, యూటా బోర్డు మీద తేనెటీగల గూడు, వాషింగ్టన్ రాష్ట్రం బోర్డు మీద జార్జి వాషింగ్టన్ ముఖం. ఆ కిందివి కౌంటీ రోడ్లు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది.

ఇంటర్‌స్టేట్‌ల గురించి చెబుతూ ఒక మాట దాటేయకూడదు. నగరాల్లోకి వచ్చేసరికి ఆ రహదారులు చాలాచోట్ల నల్లజాతి ప్రజల పేటలను చీల్చుకుంటూ పోయాయి. సెయింట్ పాల్‌లో రాండో పేట ఐ-94 కిందికి వెళ్లిపోయింది. మయామీలో ఓవర్‌టౌన్, న్యూఓర్లీన్స్‌లో క్లెయిబోర్న్ వీధి కూడా అలాగే నలిగిపోయాయి. ప్రజల ఆస్తి అన్నంత మాత్రాన దాని భారం అందరి మీదా సమానంగా పడలేదు.

అయోవాలో మూడు పొరలు

రోడ్డుకూ రైలుకూ మధ్య తేడా స్పష్టంగా చూడాలంటే అయోవా రాష్ట్రాన్ని మించిన చోటు లేదనిపిస్తుంది. తూర్పున మిసిసిపీ ఒడ్డున డావెన్‌పోర్ట్, పడమట మిస్సోరీ నది ఒడ్డున కౌన్సిల్ బ్లఫ్స్. ఈ రెంటి మధ్య అయోవా సిటీ, న్యూటన్, డిమోయిన్, అట్లాంటిక్ ఊళ్ల మీదుగా మూడు దారులు దగ్గర దగ్గరగా పోతాయి. ఒకటి రైలు మార్గం, రెండోది యూఎస్-6, మూడోది ఐ-80.

ముందు వచ్చింది రైలు. రాక్ ఐలండ్ కంపెనీ 1856లో మిసిసిపీ మీద తొలి రైలు వంతెన కట్టింది. కొద్ది రోజులకే ఎఫీ ఆఫ్టన్ అనే ఆవిరి పడవ దాన్ని ఢీకొట్టి తగలబడిపోయింది. వంతెన వల్లే నష్టం జరిగిందని పడవ యజమానులు దావా వేస్తే, రైలు కంపెనీ తరఫున వాదించిన లాయర్లలో అబ్రహాం లింకన్ ఒకరు. 1869 నాటికి పట్టాలు కౌన్సిల్ బ్లఫ్స్ చేరాయి. వైట్ పోల్ రోడ్ తెల్ల స్తంభాలు ఈ రైలు మార్గం వెంటే నాటుకున్నాయి. ఆ దారికి 1926లో యూఎస్-32 నంబరు వచ్చింది, 1931లో అది యూఎస్-6లో కలిసిపోయింది. తర్వాత కొద్ది దూరంలో ఐ-80 వచ్చింది.

ఐ-80 వచ్చాక యూఎస్-6 మీది పెట్రోలు బంకులు, హోటళ్లు దెబ్బతిన్నాయి. కొన్నిచోట్ల ఆ నంబరు ఐ-80తో కలిసి నడుస్తుంది. అయినా రోడ్డు పోలేదు. రాష్ట్రానికి అక్కర్లేని ముక్కను కౌంటీ తీసుకుంటుంది, కౌంటీ తారు వేస్తుంది, పాలవ్యాను తిరుగుతూనే ఉంటుంది. రూట్ 66 సంగతీ ఇంతే. 1985లో నంబరు రద్దయింది కానీ చాలావరకు రోడ్డు అక్కడే ఉంది.

రైలుకు అలాంటి ఆసరా లేదు. షికాగో నుంచి, కౌన్సిల్ బ్లఫ్స్‌కు నది అవతల ఉన్న ఒమాహా ప్రాంతానికి ఆరు కంపెనీల మార్గాలు పోటీపడేవి. సరుకు ఆరింటికి సరిపోయేంత లేదు. పైగా పక్కనే ప్రజల డబ్బుతో కట్టిన రహదారి మీద లారీలు. రాక్ ఐలండ్‌ను కలుపుకోవాలని యూనియన్ పసిఫిక్ 1960లలో దరఖాస్తు పెట్టుకుంటే, అప్పటి నియంత్రణ సంస్థ ఐసీసీ విచారణ పదేళ్లు సాగింది. 1974లో షరతులతో అనుమతి వచ్చేసరికి రాక్ ఐలండ్ పట్టాలు, బోగీలు ఎంత పాడైపోయాయంటే యూనియన్ పసిఫిక్ వద్దనుకుని వెనక్కి తగ్గింది. 1975లో రాక్ ఐలండ్ దివాలా తీసింది. 1979లో సమ్మె జరిగింది. 1980 మార్చి 31న రైళ్లు ఆగిపోయాయి. పదమూడు రాష్ట్రాల్లో ఏడు వేల మైళ్లకు పైగా విస్తరించిన సంస్థ ఆస్తులను కోర్టు పర్యవేక్షణలో ముక్కలుముక్కలుగా అమ్మేశారు. యూఎస్-6కు ఇలాంటి గతి పట్టడం ఊహకైనా అందదు. ఒక రాష్ట్రం అప్పుల్లో ఉందని దాని రోడ్డును తవ్వి ఇనుప సామాను కింద అమ్ముకోరు. రైలు పట్టాకు సరిగ్గా అదే జరిగింది.

అయోవాలో ఒకప్పుడు పదివేల మైళ్లకు పైగా రైలు మార్గం ఉండేది. ఇప్పుడు నాలుగు వేల మైళ్లకు లోపే. ఒక కొమ్మ మార్గం మూతపడితే ఊరి ధాన్యం గిడ్డంగి నుంచి మొక్కజొన్న లారీలకెక్కి కౌంటీ రోడ్డు మీదికి వస్తుంది. రైలు కంపెనీకి ఆదా అయిన ఖర్చు రోడ్డు గుంతల రూపంలో కౌంటీ ఖాతాలో పడుతుంది. రవాణా చర్చల్లో ఈ లెక్క ఎవరూ సరిగా చెప్పరు. అమెరికా రైలు చరిత్రలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఇదే.

షికాగో–కౌన్సిల్ బ్లఫ్స్ మార్గం మాత్రం బతికింది. దాని మీద ఆధారపడిన స్థానిక వ్యాపార సంస్థలు కలిసి ఒక కంపెనీ పెట్టి పట్టాలు కొన్నాయి. న్యూటన్‌లో వాషింగ్ మెషీన్లు తయారుచేసే మేటాగ్ వాటిలో ఒకటి. రాష్ట్రం అప్పు ఇచ్చింది. 1984లో దాని మీద అయోవా ఇంటర్‌స్టేట్ రైల్‌రోడ్ రైళ్లు మొదలుపెట్టింది. ఇప్పుడది పిట్స్‌బర్గ్‌లోని ఒక రైలు సంస్థ చేతిలో ఉంది. షికాగో సమీపంలో కొంత దూరం ఇతరుల పట్టాల మీద హక్కు పొంది నడుస్తుంది. అమెరికాలో ప్రాంతీయ రైలు కంపెనీ అంటే ఏమిటో తెలుసుకోవడానికి మంచి ఉదాహరణ ఇదే.

పెద్దవాళ్లు వదిలేసిన పట్టాలు

అమెరికాలో రైలు కంపెనీలను ఆదాయాన్ని బట్టి ఎస్‌టీబీ అనే సమాఖ్య బోర్డు మూడు తరగతులుగా చూస్తుంది. 1996 నుంచి పాత ఐసీసీ స్థానంలో ఉన్నది ఈ బోర్డే. ఏడాదికి సుమారు వంద కోట్ల డాలర్లు దాటిన సరుకు రవాణా కంపెనీలు క్లాస్ 1. అవి ఇప్పుడు ఆరే. బీఎన్‌ఎస్‌ఎఫ్, యూనియన్ పసిఫిక్ పడమట, సీఎస్‌ఎక్స్, నార్ఫోక్ సదరన్ తూర్పున. మిగతా రెండూ కెనడావి, కెనడియన్ నేషనల్, సీపీకేసీ. కెనడియన్ పసిఫిక్, కాన్సస్ సిటీ సదరన్ 2023 ఏప్రిల్‌లో కలిసి సీపీకేసీ అయ్యాయి. మిగిలినవన్నీ క్లాస్ 2, క్లాస్ 3. వీటిలో 350 మైళ్లకు తగ్గని మార్గమో, ఒక స్థాయి ఆదాయమో ఉన్నవాటిని పరిశ్రమ వాడుకలో ప్రాంతీయ కంపెనీలని, అంతకన్నా చిన్నవాటిని షార్ట్ లైన్లని అంటారు. దేశంలోని గూడ్సు మార్గం సుమారు 1,40,000 మైళ్లు అయితే అందులో మూడో వంతు వరకు ఈ చిన్నవాళ్ల చేతుల్లోనే ఉంది.

ఇవి పెద్ద సంఖ్యలో పుట్టింది 1980 తర్వాత. అంతకుముందు రైలు కంపెనీ ఛార్జీలు మార్చాలన్నా, మార్గం మూసేయాలన్నా ఐసీసీ అనుమతి కోసం ఏళ్లు పట్టేది. తూర్పున పెన్ సెంట్రల్ 1970లో దివాలా తీయడంతో ప్రభుత్వమే పూనుకుని 1976లో కాన్‌రెయిల్‌ను నిలబెట్టాల్సి వచ్చింది. 1980 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన స్టాగర్స్ చట్టం ఛార్జీలపై కట్లు సడలించింది, లాభం రాని మార్గాలను వదిలించుకోవడం తేలిక చేసింది. పెద్ద కంపెనీలు కొమ్మ మార్గాలను అమ్మకానికి పెట్టాయి. తక్కువ సిబ్బందితో, తక్కువ ఖర్చుతో, ఒక్కో ఖాతాదారు గుమ్మం ఎక్కి సరుకు తెచ్చుకోగలమనుకున్నవాళ్లు వాటిని కొన్నారు. విస్కాన్సిన్ సెంట్రల్, మోంటానా రెయిల్ లింక్ 1987లో పుట్టాయి, ఒహాయోలో వీలింగ్ అండ్ లేక్ ఈరీ 1990లో. స్టాగర్స్ చట్టం చాలా ఊళ్లను రైలుకు దూరం చేసింది నిజమే. అది లేకపోతే రాక్ ఐలండ్ దారిలో ఇంకెన్నో పోయేవన్నది కూడా అంతే నిజం.

చిన్న కంపెనీకి ఆదాయం ఎలా వస్తుంది? ఊళ్లోని గిడ్డంగి దగ్గర ఐదు వ్యాగన్లు నిండాయనుకుందాం. షార్ట్ లైన్ ఇంజన్ వెళ్లి వాటిని లాక్కొచ్చి, దారిలో ఇంకొన్నిటిని కలుపుకుని, క్లాస్ 1 కంపెనీ యార్డులో అప్పగిస్తుంది. అక్కడి నుంచి వెయ్యి మైళ్లో రెండు వేల మైళ్లో పెద్ద కంపెనీ లాగుతుంది. చాలాచోట్ల సరుకు యజమానితో ధర మాట్లాడేది పెద్ద కంపెనీయే. చిన్నదానికి వ్యాగన్‌కు ఇంత అని చెల్లిస్తుంది. తొలి మైలు, చివరి మైలు పనంతా చిన్నవాళ్లది, ధర మీద పట్టు పెద్దవాళ్లది.

దీనికి తోడు అమ్మకం పత్రాల్లో ఒక షరతు పెట్టేవారు. పెద్ద కంపెనీ తన కొమ్మ మార్గాన్ని తక్కువ ధరకు అమ్ముతుంది లేదా అద్దెకిస్తుంది. బదులుగా, అక్కడ ఎక్కిన సరుకును పోటీ కంపెనీకి అప్పగించకూడదని, అప్పగిస్తే జరిమానాలాంటి అదనపు రుసుము కట్టాలని రాయించుకుంటుంది. పటంలో చూస్తే రెండు పెద్ద కంపెనీల పట్టాలు ఒకే ఊళ్లో కలుస్తుంటాయి. పట్టా కలిసినా కాగితం కలవనివ్వదు. పటంలో కనిపించని ఈ అడ్డుకట్టల గురించి సరుకు పంపేవాళ్లు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. రోడ్డు మీద ఇలాంటిది సాధ్యమే కాదు. ఐ-80 ఎక్కిన లారీ ఐ-35 మీదికి మళ్లకూడదని శాసించే యజమాని ఎవరూ లేరు.

ఇంకో ఇబ్బంది బరువు. వ్యాగన్ సరుకుతో కలిపి 2,63,000 పౌండ్లు తూగే కాలం పోయి 2,86,000 పౌండ్లు, అంటే సుమారు 130 టన్నులు, ప్రమాణమైంది. నూరేళ్ల నాటి తేలికపాటి పట్టాలు, వంతెనలు ఉన్న కొమ్మ మార్గాలు ఆ బరువు మోయలేవు. బలపరచాలంటే లక్షల డాలర్లు కావాలి. అందుకే 2004లో కాంగ్రెస్ చిన్న కంపెనీలు పట్టాల మీద పెట్టే ఖర్చుకు పన్ను రాయితీ ఇచ్చింది, 2020 చివర దాన్ని శాశ్వతం చేసింది. రాష్ట్రాలు కొన్నిచోట్ల నేరుగా పట్టాలే కొన్నాయి. నార్త్ కరోలినాలో షార్లట్, గ్రీన్స్‌బరో, రాలీ ఊళ్లను కలిపే ప్రధాన మార్గం రాష్ట్రానిది, నడిపేది నార్ఫోక్ సదరన్. డాలస్ ప్రాంతపు రవాణా సంస్థ డార్ట్, మూతపడే దశలో ఉన్న పాత కాటన్ బెల్ట్ మార్గాన్ని 1990లో కొని పెట్టుకుంది. ప్లేనో నుంచి విమానాశ్రయం దాకా దాని మీద సిల్వర్ లైన్ ప్రయాణికుల రైళ్లు 2025 అక్టోబరులో మొదలయ్యాయి. ముప్పై అయిదేళ్లు ఆ జాగాను చేయి జారనివ్వకుండా కాపాడుకోవడం మామూలు దూరదృష్టి కాదు.

చేతులు మారడం ఎంత వేగంగా జరుగుతుందో దక్షిణ డకోటాలో చూడొచ్చు. అక్కడ యూఎస్-14 వెంట పియర్ పట్టణం మీదుగా పోయే రైలు మార్గం మొదట షికాగో అండ్ నార్త్ వెస్టర్న్‌ది. 1986లో డకోటా, మిన్నెసోటా అండ్ ఈస్టర్న్ అనే కొత్త ప్రాంతీయ కంపెనీ దాన్ని తీసుకుంది. 2008లో ఆ కంపెనీయే కెనడియన్ పసిఫిక్ చేతికి వెళ్లింది. 2014లో పడమటి భాగాన్ని జెనిసీ అండ్ వయోమింగ్ అనే షార్ట్ లైన్ల సమూహం కొని ఇంకో పేరు పెట్టింది. ఆ పక్కనే ఉన్న రోడ్డుకు 1926లో వచ్చిన 14 నంబరు ఇప్పటికీ 14 గానే ఉంది. మోంటానా రెయిల్ లింక్ కథ మరో రకం. అద్దెకిచ్చిన పట్టాలను బీఎన్‌ఎస్‌ఎఫ్ ఒప్పందం గడువుకు ఎంతో ముందే వెనక్కి తీసుకుంది. 2024 జనవరి 1న ఆ పేరు రైలు పటం నుంచి చెరిగిపోయింది.

అలా పోయిన కంపెనీల ఆనవాళ్లు వ్యాగన్ల మీద ఇంకా కనిపిస్తాయి. గేటు దగ్గర గూడ్సు బండి దాటుతున్నప్పుడు ప్రతి వ్యాగన్ పక్కన రెండు నుంచి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, పక్కనే ఒక సంఖ్య ఉంటాయి. ఆ అక్షరాలు యజమాని గుర్తు. ఐఏఐఎస్ అంటే అయోవా ఇంటర్‌స్టేట్. చివరి అక్షరం ఎక్స్ అయితే ఆ వ్యాగన్ రైలు కంపెనీది కాదు, సరుకు తయారుచేసేవాళ్లదో, వ్యాగన్లు అద్దెకిచ్చే సంస్థదో అయి ఉంటుంది. అయోవా నుంచి ఇథనాల్ మోసే నల్ల ట్యాంకర్లు దాదాపుగా అలాంటివే. 2001లో విస్కాన్సిన్ సెంట్రల్‌ను కెనడియన్ నేషనల్ కొనేసింది, అయినా డబ్ల్యూసీ గుర్తు ఉన్న వ్యాగన్లు దేశమంతా తిరుగుతూనే ఉన్నాయి.

ప్రయాణికుల రైళ్ల విషయంలో యాజమాన్యం ప్రభావం ఇంకా సూటిగా తగులుతుంది. ఎడిసన్ దగ్గర పట్టాలు ఆమ్‌ట్రాక్‌వే కానీ దేశం మొత్తం మీద చూస్తే ఆమ్‌ట్రాక్ రైళ్లు సుమారు డెబ్బై శాతం దూరం ఇతర కంపెనీల పట్టాల మీదే నడుస్తాయి. ఆమ్‌ట్రాక్ 1971లో మొదలైనప్పుడు రాక్ ఐలండ్ అందులో చేరలేదు. షికాగో నుంచి పడమటికి పోయే రైలు దక్షిణ అయోవాలోని బీఎన్‌ఎస్‌ఎఫ్ పట్టాల మీదుగా పోతుంది. రాష్ట్ర రాజధాని డిమోయిన్‌కు ఆమ్‌ట్రాక్ రైలే లేదు, దగ్గరి స్టేషన్ ఆసియోలా. షికాగో నుంచి అయోవా సిటీకి ప్రయాణికుల రైలు నడపడానికి 2010లో సమాఖ్య నిధులు మంజూరయ్యాయి. అయోవా శాసనసభ తన వాటా ఇవ్వలేదు. అయోవా సిటీలోని యూనివర్సిటీ విద్యార్థులు ఇప్పటికీ ఐ-80 మీద బస్సులోనో కారులోనో పోతున్నారు.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న యూనియన్ పసిఫిక్, నార్ఫోక్ సదరన్‌ల విలీనం. రెండూ ఒకటవుతామని 2025 జులైలో ప్రకటించాయి. అది జరిగితే అట్లాంటిక్ నుంచి పసిఫిక్ దాకా ఒకే కంపెనీ పట్టాలు అమెరికా చరిత్రలో తొలిసారి ఏర్పడతాయి. వ్యాగన్లు షికాగోలో ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మారే జాప్యం తప్పుతుందని వాళ్ల వాదన. అయోవా ఇంటర్‌స్టేట్ లాంటి కంపెనీల బతుకు ఆ మార్పిడి మీదే ఉంది. షికాగోలో ఆరు క్లాస్ 1 కంపెనీలూ కలుస్తాయి కాబట్టే అయోవాలోని ఒక ఇథనాల్ ఫ్యాక్టరీ తన సరుకును ఏ దిక్కుకైనా పంపే వీలుంది. ఆ ద్వారాలు అన్నీ తెరిచే ఉంటాయా, ఉన్నా ఏ ధరకు ఉంటాయి అన్నది ఎస్‌టీబీ పెట్టే షరతులను బట్టి తేలుతుంది. క్లాస్ 1 కంపెనీలు కలవాలంటే పోటీ తగ్గకపోవడం చాలదని, అది పెరుగుతుందని రుజువు చేయాలని బోర్డు 2001లో నిబంధన పెట్టుకుంది. అంత పెద్ద విలీనం మీద ఆ నిబంధనను ప్రయోగించి చూడడం ఇదే మొదటిసారి.